అట్ట మీది పేరు

అమెరికా నల్లజాతి తండ్రి అనగానే తెలుగు పాఠకుడికి మొదట గుర్తొచ్చేది కుంటా కింటే. అలెక్స్ హేలీ 1976లో వెలువరించిన ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా తెలుగులోకి తెచ్చారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ఆ పుస్తకం ఎన్ని ఇళ్ళలో అట్ట ఊడేదాకా నలిగిందో లెక్కలేదు. కుంటా పారిపోవడం, పట్టుబడడం, పాదం సగం నరికించుకోవడం చదివినవాళ్ళందరికీ గుర్తుంటాయి. అతనొక ఆడపిల్ల తండ్రి అన్న సంగతి మాత్రం అంతగా గుర్తుండదు. వర్జీనియా తోటలో కుంటా తన కూతురు కిజ్జీకి చాటుగా తన భాష మాండింకా మాటలు నేర్పుతాడు. నదిని చూపించి ‘కాంబీ బొలొంగో’ అంటాడు, తీగవాద్యాన్ని ‘కో’ అంటాడు. ఆ పిల్ల యజమాని ఇంటి అమ్మాయి దగ్గర చదువూ రాతా నేర్చుకుంటుంది. తను ఇష్టపడిన కుర్రాడు పారిపోవడానికి దొంగ అనుమతిచీటీ రాసిస్తుంది. అది బయటపడి, పదహారేళ్ళ పిల్లను అమ్మేస్తారు.

బండి కనుమరుగయ్యాక మూలంలో ఒక దృశ్యం ఉంది. దుమ్ములో మిగిలిన కూతురి పాదముద్రను కుంటా దోసిలితో ఎత్తుకుంటాడు. ఆ మట్టిని భద్రంగా దాస్తే పోయిన మనిషి తిరిగొస్తుందని అతని ఊరి నమ్మకం. గుడిసెలోకి పరుగెత్తి ఎక్కడ దాచాలా అని వెతుకుతాడు. తన వయసు లెక్కకని నెలకో గులకరాయి వేసుకుంటూ వచ్చిన సొరబుర్ర కంటపడుతుంది. పిల్ల ఇక రాదని సరిగ్గా అప్పుడే అతనికి తెలుస్తుంది. బుర్రను ఎత్తి నేలకేసి కొడతాడు.

హేలీ చెప్పిన వంశచరిత్రలో నిజమెంతో పరిశోధకులు గట్టిగానే నిలదీశారు. తన నవల నుంచి ఎత్తుకున్నాడని హెరాల్డ్ కూర్లాండర్ దావా వేస్తే, 1978లో హేలీ డబ్బు కట్టి రాజీపడ్డాడు. ఆ మచ్చ మచ్చే. కానీ నవల మొదట్లో, పుట్టిన ఎనిమిదో రోజున కుంటా తండ్రి ఒమోరో తన కొడుకు చెవిలో పేరు ఊదే ఘట్టం చదివి, బారసాలలో బియ్యంలో పేరు రాసిన చెయ్యి గుర్తురాని తెలుగువాడు ఉండడు.

పేరు పెట్టడం తండ్రి వంతయితే, తండ్రి పేరు నిలబెట్టడం పిల్లల వంతు. ధర్మనిధి ఉపన్యాసాలు చాలావాటి వెనక ఒక కొడుకో కూతురో ఉంటారు. తండ్రి పేరు నలుగురి నోటా ఏడాదికొకసారైనా వినబడాలని నాలుగు డబ్బులు పోగేసి ఏ విశ్వవిద్యాలయానికో, ఏ సాహిత్య సంస్థకో అప్పగిస్తారు. అలాంటి వేదిక మీద ఈసారి చర్చకు తీసుకున్న విషయం నల్లజాతి తండ్రులను గురించి వాళ్ళ పిల్లలు, పిల్లల కోసం ఆ తండ్రులు రాసిన పుస్తకాలు. తండ్రి పేరు కాగితం మీద నిలబెట్టడానికి ఇంత కష్టపడాల్సివచ్చిన జాతి మరొకటి కనబడడం అరుదు. ఆ కష్టానికి మూలం ఒక చట్టంలో ఉంది.

1662లో వర్జీనియా వలసరాజ్యపు శాసనసభ ఒక తీర్మానం చేసింది. పుట్టిన బిడ్డ స్వతంత్రుడా బానిసా అన్నది తల్లి స్థితిని బట్టి తేలుతుంది. అంతవరకూ ఇంగ్లండు సంప్రదాయంలో బిడ్డ హోదా తండ్రిని బట్టి వచ్చేది. ఈ తలకిందుల ఏర్పాటువల్ల తెల్ల యజమాని బానిస స్త్రీకి కన్న బిడ్డ కూడా అతని ఆస్తి జాబితాలోనే చేరుతుంది. ఇక తండ్రి నల్లవాడయితే, కాగితాల వరకూ అతను లేనట్టే. పక్క తోటలో పనిచేసే తండ్రి శనివారం రాత్రి అనుమతిచీటీ పట్టుకుని మైళ్ళు నడిచి పిల్లల్ని చూసి వెళ్ళినా, ఏ దస్తావేజులోనూ అతని పేరుకు చోటులేదు.

అందుకే ఆ కాలపు తండ్రుల రాతలు దొరికితే బంగారం. మిస్సోరీలో స్పాట్స్‌వుడ్ రైస్ అనే బానిస 1864లో, అంతర్యుద్ధం నడుస్తుండగా, యూనియన్ సైన్యంలో చేరాడు. ఆ సెప్టెంబరులో సెయింట్ లూయీ సైనిక ఆసుపత్రిలో కీళ్ళవాతంతో మంచాన ఉండి రెండు ఉత్తరాలు రాశాడు. ఒకటి ఇంకా బానిసత్వంలోనే ఉన్న కూతుళ్ళకు: ప్రాణం పోయినా సరే మిమ్మల్ని తెచ్చుకుంటానని. రెండోది ఒక కూతురి యజమానురాలు కిట్టీ డిగ్స్‌కు: నా బిడ్డను నా నుంచి ఎంతకాలం ఆపితే అంతకాలం నరకంలో కాలుతావని. స్పెల్లింగులు అస్తవ్యస్తం, కోపం మాత్రం ఎక్కడా తడబడదు. ఈ ఉత్తరాలు నేటికి మిగలడానికి కారణం మరీ విచిత్రం. యజమానురాలి సోదరుడు వాళ్ళ ఊరి పోస్టుమాస్టరు. ఇలాంటి పొగరుబోతును రాష్ట్రం దాటించండని ఫిర్యాదు చేస్తూ, ఆ ఉత్తరాలను జతపరిచి సైన్యాధికారికి పంపాడు. ఆ ఫిర్యాదు ఫైలులో అవి చెక్కుచెదరకుండా ఉండిపోయాయి. 1930లలో ప్రభుత్వం మాజీ బానిసల జ్ఞాపకాలు సేకరించినప్పుడు, సెయింట్ లూయీలో మేరీ బెల్ అనే ముసలావిడ తన తండ్రి గురించి చెప్పుకుంది. ఆ తండ్రి ఈ రైసే.

డబ్ల్యూ.ఈ.బీ. డుబాయిస్ 1903లో ‘ద సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్’ అచ్చువేశాడు. రాజకీయం, చరిత్ర, సంగీతం నిండిన ఆ పుస్తకంలో ఒక అధ్యాయం మొత్తం 1899లో అట్లాంటాలో డిఫ్తీరియాతో పోయిన తన మొదటి కొడుకు మీద ఉంది. సామాజిక శాస్త్రవేత్త తన పుస్తకంలో అలా కూచుని ఏడవడం చదువరులకు అప్పట్లో కొత్త.

ఇక అరవై ఏళ్ళు దాటేస్తే 1965. ఆ ఏడాది రెండు కాగితాలు వచ్చాయి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా. మొదటిది కార్మికశాఖ అధికారి డేనియల్ పాట్రిక్ మొయినిహాన్ నల్లజాతి కుటుంబం గురించి రాసిన నివేదిక. దాదాపు నాలుగోవంతు నల్లజాతి కుటుంబాలకు ఆడవాళ్ళే ఇంటిపెద్దలని, ఆ కుటుంబం కూలిపోతోందని అందులో తేల్చాడు. నిరుద్యోగం, బానిసత్వం దీనికి కారణాలని కూడా రాశాడు పాపం. కానీ జనం నోట మిగిలింది ‘పారిపోయిన నాన్న’ అన్న బొమ్మ ఒక్కటే. రెండోది సెప్టెంబరులో ‘సాటర్డే రివ్యూ’లో నాన్సీ లారిక్ రాసిన వ్యాసం. 1962 నుంచి 64 వరకూ మూడేళ్ళలో అచ్చయిన 5,206 పిల్లల పుస్తకాలను లెక్కపెడితే, ఒక్క నల్లమనిషైనా కనబడినవి 349. నూటికి ఏడు కూడా కావు. నివేదిక ప్రకారం తండ్రి ఇంట్లో లేడు. వ్యాసం ప్రకారం ఆ ఇంటి పిల్లే పుస్తకంలో లేదు.

జాన్ స్టెప్టో ఈ ఖాళీలోకి దూకాడు. బ్రూక్లిన్‌లో బెడ్‌ఫర్డ్-స్టైవెసంట్ పేట కుర్రాడు. ఇంకా ఇరవై దాటకముందే, 1969లో, ‘స్టీవీ’ అనే బొమ్మల పుస్తకం వేశాడు. ‘లైఫ్’ పత్రిక దాన్ని మొత్తం పునర్ముద్రించింది. వీధిలో పిల్లలు మాట్లాడుకునే ఇంగ్లీషునే కథలో పెట్టాడు. తెలుగులో మాండలికం కోసం జరిగిన కొట్లాట తెలిసినవారికి అదెంత తెగువో చెప్పక్కర్లేదు. తర్వాత తన సొంత పిల్లలు బ్వీలా, జవాకాలను పాత్రలుగా చేసి 1980లో ‘డాడీ ఈజ్ ఎ మాన్‌స్టర్... సమ్‌టైమ్స్’ రాశాడు. నాన్న ఒక్కోసారి రాక్షసుడైపోతాడని పిల్లలిద్దరూ చెప్పుకునే చాడీలే కథ. పడుకోమంటే పడుకోకపోవడం, ఐస్‌క్రీమ్ దగ్గర పేచీ, ఇల్లంతా పీకిపందిరి వేయడం. నాన్న ముఖానికి నిజంగానే కోరలు, జుట్టు మొలుస్తాయి. రాక్షసి పిల్లలుంటే నాన్న రాక్షసుడు కాక ఏమవుతాడన్నది తండ్రి వాదం.

ఈ పుస్తకం గొప్పదనం ఎక్కడుందంటే, ఇందులో తండ్రిని ఎవరూ పొగడరు. పొద్దస్తమానం ఇంట్లో ఉండి, వండి, కసిరి, విసిగిపోయే మనిషి మీదే పిల్లలు చాడీలు చెప్పగలరు. లేని తండ్రి దేవుడవుతాడు, ఉన్న తండ్రే రాక్షసుడవుతాడు. మొయినిహాన్ నివేదికకు అంతకంటే సూటి జవాబు ఏ ప్రొఫెసరూ రాయలేదు.

జాన్ స్టెప్టో 1989లో 38 ఏళ్ళకే ఎయిడ్స్‌తో పోయాడు. కథలోని చిన్నపిల్లాడు జవాకా పెద్దవాడై కుంచె పట్టాడు. 1997లో అతని మొదటి పుస్తకం వచ్చింది: ‘ఇన్ డాడీస్ ఆర్మ్స్ ఐ యామ్ టాల్’. సోనియా సాంచెజ్, ఈ. ఎథెల్‌బర్ట్ మిల్లర్ వంటి కవులు తండ్రులమీద రాసిన కవితలకు అతను బొమ్మలు కూర్చాడు. చింపిన కాగితం, ఇంట్లో, వీధిలో దొరికే వస్తువులు కలిపి అతికించిన బొమ్మలవి. కవితల్లో ఒకటి తన తండ్రి గురించి తనే రాసుకున్నాడు. ఆ పుస్తకానికి 1998లో కొరెట్టా స్కాట్ కింగ్ చిత్రకార పురస్కారం ఇచ్చారు. అదే పురస్కార సంఘం కొత్తవాళ్ళకిచ్చే బహుమతికి జాన్ స్టెప్టో పేరుంది. 2017లో జవాకా బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పతకం కూడా గెలిచాడు. తండ్రికి రెండుసార్లు దాని దగ్గరిదాకా వచ్చి, ఆనర్ బుక్ గౌరవంతో ఆగిపోయిన పతకం అది.

ఫెయిత్ రింగ్‌గోల్డ్ 1991లో అచ్చువేసిన ‘టార్ బీచ్’ది ఇంకో రుచి. హార్లెమ్‌లో తారు పూసిన మేడ మీద వేసవి రాత్రి కుటుంబమంతా పక్కలు పరుచుకుంటారు. పెద్దవాళ్ళు పేకాట, పిల్లలు నక్షత్రాలు. డాబా మీద పడుకుని పెరిగిన తెలుగు పిల్లలకు ఈ పుస్తకం వివరించనక్కర్లేదు. ఎనిమిదేళ్ళ క్యాసీ ఆ మేడ మీంచి ఎగిరి జార్జ్ వాషింగ్టన్ వంతెన తనదేనంటుంది. ఆ వంతెన ఉక్కు బిగించినవాళ్ళలో ఆమె నాన్న ఒకడు. ఇప్పుడతను కార్మిక సంఘానికి భవనం కడుతున్నాడు, కానీ ఆ సంఘంలో అతనికి సభ్యత్వం లేదు. సభ్యుల వారసులకే సభ్యత్వం, నల్లవాడి తండ్రి సభ్యుడెలా అవుతాడు? క్యాసీ ఆ భవనం మీంచి కూడా ఎగిరి, దాన్ని నాన్నకు రాసిచ్చేస్తుంది. ఇంత చేదు విషయాన్ని పిల్లల పుస్తకంలో ఇంత తేలిగ్గా చెప్పినవాళ్ళు తక్కువ.

ఇటీవలి పుస్తకాల్లో ఎక్కువమందికి తెలిసింది ‘హెయిర్ లవ్’. రాసిన మాథ్యూ చెర్రీ ఒకప్పుడు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడినవాడు. కూతురికి తల దువ్వే నాన్న మీద చిన్న యానిమేషన్ సినిమా తీస్తానని 2017లో జనాన్ని చందా అడిగాడు. 75 వేల డాలర్లు కావాలంటే 2 లక్షల 80 వేలకు పైగా వచ్చాయి. 2019లో వశ్తీ హారిసన్ బొమ్మలతో పుస్తకం వచ్చింది. వేసిన ముద్రణ సంస్థ పేరు ‘కోకిల’. అదేదో ఆఫ్రికా మాట కాదు, అచ్చంగా మన కోకిలే. పెంగ్విన్ సంస్థలో నమ్రతా త్రిపాఠీ మొదలుపెట్టిన విభాగమది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో సినిమాకు ఆస్కార్ వచ్చింది.

కథ ఏమీ లేదు. జూరీ అనే పాపకు ఆవేళ ముఖ్యమైన రోజు. జుట్టు రింగులు తిరిగి, ఎటు పట్టుకుంటే అటు పేచీపెడుతుంది. అమ్మ ఇంట్లో లేదు. నాన్న స్టీఫెన్ దువ్వెన పట్టుకుని బెదిరిపోతాడు. సినిమాలోనయితే ఆ జుట్టు బాక్సింగ్ రింగులో నాన్నతో కలబడుతుంది. చివరికి తండ్రీకూతుళ్ళు వీడియో చూసుకుంటూ, చిక్కు తీసి, పాపిడి తీసి, పాయలు విడదీసి పని పూర్తిచేస్తారు. తెలుగిళ్ళలో కూడా జడ అమ్మ పని, లేకపోతే అమ్మమ్మ పని. నాన్న ఎప్పుడైనా జడ వేస్తే అది ఇంటిల్లిపాదికీ కాలక్షేపం, బడికెళ్ళేసరికి అది ఊడిపోవడం ఖాయం. కానీ అమెరికాలో నల్లపిల్ల జుట్టు ఇంటి సంగతితో ఆగదు. సహజంగా పెరిగే జుట్టును, పాయలుగా అల్లుకున్న జుట్టును బట్టి బడిలోనూ ఉద్యోగంలోనూ వివక్ష చూపకూడదని మొదటిసారి చట్టం చేసిన రాష్ట్రం కాలిఫోర్నియా. అది 2019 జూలైలో, ఈ పుస్తకం వచ్చిన రెండు నెలలకు.

తల దువ్వే నాన్న రచయిత ఊహేనా? అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2013 డిసెంబరులో ఒక లెక్క ప్రకటించింది. అయిదేళ్ళలోపు పిల్లలతో ఒకే ఇంట్లో ఉంటున్న తండ్రులను అడిగారు. రోజూ పిల్లలకు స్నానం చేయించడం, బట్టలు తొడగడం, డయపర్లు మార్చడం చేస్తామన్నవాళ్ళు నల్లజాతి తండ్రుల్లో నూటికి 70, తెల్లవాళ్ళలో 60, హిస్పానిక్ తండ్రుల్లో 45. ఇది తండ్రులు తమ గురించి తాము చెప్పుకున్న లెక్క. పైగా పిల్లలకు దూరంగా ఉంటున్న నల్లజాతి తండ్రుల సంఖ్య తక్కువేమీ కాదు. అయినా ‘పారిపోయిన నాన్న’ బొమ్మ పక్కన ఈ అంకెను కూడా పెట్టి చూడాల్సిందే.

దూరంగా ఉన్న నాన్నను దాచిపెట్టే పుస్తకాలు ఎక్కువకాలం నిలవవు. నటుడు, కవి డేనియల్ బీటీ 2013లో తెచ్చిన ‘నాక్ నాక్’లో నాన్న రోజూ పొద్దున్నే తలుపు తడతాడు. పిల్లాడు నిద్ర నటిస్తాడు. నాన్న మంచం దగ్గరికి రాగానే ఎగిరి మెడ పట్టుకుంటాడు. ఒకరోజు తలుపు చప్పుడు కాదు. మర్నాడూ కాదు. చిన్నప్పుడే బీటీ తండ్రి జైలుకెళ్ళాడు. పుస్తకంలో జైలు మాట లేకుండానే బ్రయన్ కాలియర్ బొమ్మలు వెలితిని చూపిస్తాయి, నాన్న లేని గదిలో మిగిలిన వస్తువులతో. జాక్విలిన్ వుడ్‌సన్ ‘విజిటింగ్ డే’లో మాత్రం జైలు ఉంది. నాయనమ్మ తెల్లవారకముందే లేచి దారికి వంట చేస్తుంది, మనవరాలికి తల దువ్వుతుంది, ఇద్దరూ బస్సెక్కుతారు. అటు జైల్లో నాన్న కూడా అదే పొద్దున నవ్వుకుంటూ లేస్తుంటాడు.

ఒక మాట నిష్ఠూరంగానైనా చెప్పాలి. 2020 తర్వాత ఈ దారిలో పుస్తకాలు వరదలా వచ్చాయి. వాటిలో కొన్ని ఫాదర్స్ డేకి అమ్మే గ్రీటింగు కార్డుకు గట్టి అట్ట వేసినట్టుంటాయి: నాన్న బలవంతుడు, నాన్న రాజు, నాన్న సూర్యుడు. జాన్ స్టెప్టో రాక్షసుడు ఆ రాజులందరికంటే ఎత్తుగా కనబడతాడు.

పెద్దల పుస్తకాల్లో ఈ పొగడ్త జబ్బు తక్కువ. టా-నెహిసి కోట్స్ 2015లో పదిహేనో ఏడు నడుస్తున్న తన కొడుక్కి ఉత్తరంగా రాసిన ‘బిట్వీన్ ద వరల్డ్ అండ్ మీ’ భయంతో నిండిన పుస్తకం, పిల్లాడి ఒళ్ళు క్షేమంగా ఇంటికి చేరుతుందా అన్న భయం. అతని తండ్రి పాల్ కోట్స్ బాల్టిమోర్‌లో 1978లో బ్లాక్ క్లాసిక్ ప్రెస్ పెట్టి, జనం మరిచిపోయిన నల్లజాతి రచయితల పుస్తకాలను మళ్ళీ అచ్చువేసినవాడు. నలుగురు స్త్రీలతో ఏడుగురు పిల్లలు, బెల్టు దెబ్బలు, ఇంటినిండా పుస్తకాలు. కొడుకు ‘ద బ్యూటిఫుల్ స్ట్రగుల్’లో ఏదీ దాచలేదు.

మళ్ళీ లెక్కల దగ్గరికి వస్తే, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని పిల్లల పుస్తకాల కేంద్రం 1985లో అమెరికాలో అచ్చయిన రమారమి 2,500 పిల్లల పుస్తకాల్లో నల్లవాళ్ళు రాసినవో బొమ్మలు వేసినవో ఎన్నని చూసింది. 18 తేలాయి. 2013కి, 3,200 పుస్తకాల్లో నల్లవాళ్ళ గురించి ఉన్నవి 93. ఈ అంకె పట్టుకుని 2014 మార్చిలో ‘న్యూయార్క్ టైమ్స్’లో ఒకే రోజు రెండు వ్యాసాలు వచ్చాయి. ఒకటి వాల్టర్ డీన్ మైయర్స్ రాశాడు, రెండోది అతని కొడుకు క్రిస్టఫర్. 1997లో తండ్రి ‘హార్లెమ్’ అనే కవిత రాస్తే కొడుకు బొమ్మలు వేసి కాల్డెకాట్ ఆనర్ తెచ్చుకున్న జోడీ అది. ఆ వ్యాసాలు వచ్చిన ఏడాది జూలైలోనే తండ్రి కన్నుమూశాడు.

మైయర్స్ పుట్టింది 1937లో పశ్చిమ వర్జీనియాలో, వాల్టర్ మిల్టన్ మైయర్స్‌గా. పసితనంలోనే తల్లి పోయింది. తండ్రి మొదటి భార్య ఫ్లోరెన్స్ అప్పటికే హర్బర్ట్ డీన్‌ను పెళ్ళాడి ఉంది. తన ఇద్దరు కూతుళ్ళను తెచ్చుకోవడానికి వచ్చి, ఈ పసివాణ్ణి కూడా హార్లెమ్‌కు తీసుకెళ్ళింది. అంటే హర్బర్ట్ డీన్‌కు ఈ పిల్లాడు రక్తసంబంధంలో ఏమీ కాడు. చిన్నాచితకా ఉద్యోగాలు చేసి పెంచాడు. రాత్రిళ్ళు చప్పుళ్ళు చేస్తూ దయ్యాల కథలు చెప్పి భయపెట్టేవాడు. పిల్లాడు పెద్దయి రచయిత అయ్యాడు, పుస్తకాలు వరసగా వచ్చాయి. హర్బర్ట్ డీన్ వాటి గురించి ఒక్క మాట అనలేదు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. కొడుక్కి అది ఏళ్ళతరబడి ముల్లులా గుచ్చుకుంది. తండ్రి పోయాక కాగితాలు సర్దుతుంటే, సంతకం ఉండాల్సిన చోట ఇంటూ గుర్తులు కనబడ్డాయి. ఆయనకు చదవడం రాదు. తర్వాత మైయర్స్ 2012, 2013లలో దేశపు బాలసాహిత్య రాయబారిగా ఊరూరా తిరిగి, చదవకపోతే కుదరదని పిల్లలకు చెప్పాడు.

మైయర్స్ మొదటి పుస్తకం ‘వేర్ డజ్ ద డే గో?’ 1969లో వచ్చింది. సాయంత్రం పూట ఒక నల్లజాతి నాన్న కొడుకునూ, రకరకాల జాతుల అతని స్నేహితులనూ వెంటబెట్టుకుని షికారుకెళతాడు, పగలు ఎక్కడికి పోతుందో వాళ్ళకు విడమరిచి చెబుతాడు. ఆ పుస్తకం అట్ట మీద ఉన్న పేరు వాల్టర్ ఎం. మైయర్స్. ఆ తర్వాత అతను పేరులోని మిల్టన్ తీసేసి డీన్ పెట్టుకున్నాడు. వందకు పైగా పుస్తకాల మీద ఆ పేరే ఉంది.